విప్పేసే పని

నాకు బొమ్మల సంగతి తెలీదు.
పానా తెలుసు. బిగింపు తెలుసు.
గొట్టం మీద వేలితో కొడితే
అది నిజం చెబుతోందో, బొంకుతోందో తెలుసు.
ముప్ఫై ఒక్క ఏళ్లుగా ట్బిలిసిలో
పరంజాలు కడుతున్నాను, విప్పుతున్నాను.
ఈ ఊళ్లో నేనెక్కని గోడలు తక్కువ.
నన్ను గుర్తుపెట్టుకున్న గోడ ఒక్కటీ లేదు.
జాడ మిగలకపోతేనే పని బాగా చేసినట్టు.

సొలొలాకి వాలులో ఆ మూడంతస్తుల ఇల్లు
పుచ్చిన పన్నులా కదులుతోందని
మునిసిపాలిటీ వాళ్లు ముందు వసారా కోసేశారు.
చెక్క వసారా. లేసు అల్లినట్టు చెక్కింది.
నజిబ్రోలా పెళ్లయి వచ్చిన నాటినుంచీ
సాయంత్రాలు కూర్చున్నది.
కోసేసి, తలుపు మాత్రం వదిలేశారు.
తెరిస్తే గాలి.
ఆ గాలిలో నా గొట్టాలు నిలబెట్టాను,
దుమ్ముకి అడ్డంగా తెల్లటి వల కట్టాను.

అప్పుడొచ్చింది టెక్లే,
చెవి వెనక బ్రష్షు, చంకలో రంగు డబ్బా,
చేతిలో మూడు ముద్రల అనుమతి కాగితం.
"నీ వల మీద బొమ్మ వేస్తాను, ఆర్నెల్లు."
"గాలికి చిరిగితే కంపెనీ నన్నడుగుతుంది."
"రంగే కదా, బరువేముంది?"
రంగుకీ బరువుంటుందమ్మా.
తడి రంగు, తడి వల, మార్చి గాలి:
నీకు బొమ్మ, నాకు తెరచాప.
ఆ రాత్రి ఇంకో పద్దెనిమిది కట్లు గోడలోకి దించాను.
ఆమెకి చెప్పలేదు.

రెక్కల గుర్రమో, పెద్ద కన్నో గీస్తుందనుకున్నాను,
ఈ కాలం పిల్లలకి కళ్లంటే ఇష్టం.
వసారా గీసింది.
పోయిందే, అదే. వేలెడు తేడా లేకుండా.
ఫొటోలు దొరకలేదట.
నజిబ్రోలా కిటికీలోంచి వేలు చాపి చెప్పింది:
ఇక్కడొక పువ్వు విరిగింది,
ఇది మా ఆయన సిగరెట్టు మచ్చ,
ఇక్కడ ద్రాక్ష తీగ. కాయలు పులుపు, అయినా గియ్యి.

వీధిలో జనం ఆగారు. కార్ల అద్దాలు దిగాయి.
రొట్టెల కొట్టు జుంబెర్ మాత్రం
"అసలుది కట్టడానికి డబ్బుల్లేవు గానీ" అని ఉమ్మేశాడు.
అతనన్నదీ నిజమే.
నేను వల బిగువు చూసుకుని దిగిపోయాను.

జులైలో ఒక సాయంత్రం
కింద టీ తాగుతూ తలెత్తితే
వసారాలో ఎవరో కూర్చున్నారు.
బొమ్మ వసారాలో.
చెయ్యి కదులుతోంది.
వెనక గదిలో దీపం, ముందు వల,
మధ్యలో నీడ. ఒళ్లో గిన్నె.
చిక్కుడుకాయలు ఒలుస్తోంది.
గాలి తలుపు తీసుకుని
నా పలకల మీద కుర్చీ వేసుకుంది ముసలావిడ!

రూలు ప్రకారం కేకెయ్యాలి.
ఇతరులు ఎక్కరాదన్న బోర్డు తగిలించింది నేనే.
కోపం కూడగట్టుకుంటూ ఎక్కాను.
పైకి చేరేసరికి
ఖాళీ రంగు డబ్బా బోర్లించి నా వైపు జరిపింది.
అక్కణ్ణించి బొమ్మ తిరగబడి కనిపిస్తుందని
అప్పుడు చూశాను. తీగ కుడి నుంచి ఎడమకి.
"నాకెప్పుడూ వెనకవైపే కదా కనబడేది" అంది,
"ముందువైపు వీధివాళ్లకి."
నేనూ ఒక గుప్పెడు ఒలిచాను.
మర్నాడు అక్కడ నడుమెత్తున
రెండు అడ్డగొట్టాలు ఎక్కువ వేసి
లెక్కల పుస్తకంలో 'గాలి కోసం' అని రాశాను.

అక్టోబరులో విప్పాం.
గోడ గట్టిపడింది. వసారా వచ్చే బడ్జెట్టులో అన్నారు.
టెక్లే బటుమిలో ఇంకో వల దగ్గరుంది, రాలేకపోయింది.
మడతపెడుతుంటే ద్రాక్షలు చిట్లి
నా చొక్కా మీద రాలాయి.
చివరి పలక తీసేముందు
గాలి తలుపుకి అడ్డంగా కర్ర కొట్టాను.
ఒక్కో దెబ్బకీ లోపల్నుంచి ఆవిడ "ఊఁ" అంది,
కథకి ఊ కొట్టినట్టు.

ఇప్పుడు నదికి అవతల హోటలు పని. తొమ్మిదో అంతస్తు.
పలకలందిస్తున్న కుర్రాడు అరిచాడు:
"గోచా, ఇది పాడైంది, గుంటలు పడ్డాయి!"
నాలుగు గుంటలు,
కుర్చీ కోళ్లంత ఎడంలో.
ఇలా తే అన్నాను.
పానాతో కొట్టి చూశాను. గట్టిగానే పలికింది.
నది వైపు వేశాను.